‘రచన’ అన్న మాట తర్వాత వచ్చే పేరు



రోజూ పొద్దున్న బడిగంట కొట్టాక పిల్లలు వరుసల్లో నిలబడి, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేస్తారు. దేశమంతా, ఎవరి భాషలో వాళ్లు, అవే మాటలు చెబుతారు. తాత చెప్పాడు, నాన్న చెప్పాడు, ఇప్పుడు మనవరాలు చెబుతోంది. వాటిని రాసిందెవరని ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగితే, చాలా ఇళ్లలో జవాబు దొరికేది మనవరాలి దగ్గరే. ఆమె పాఠ్యపుస్తకంలో ప్రతిజ్ఞ కింద పైడిమర్రి వెంకట సుబ్బారావు అన్న పేరు అచ్చయి ఉంది. తాత చదివిన పుస్తకంలో ఆ పేరు లేదు.

పైడిమర్రి వారిది నల్లగొండ దగ్గర అన్నెపర్తి. 1962లో, చైనాతో యుద్ధం జరిగిన ఏడాది, విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా ఉంటూ ఆయన ఈ ప్రతిజ్ఞను తెలుగులో రాశారు. మరుసటి ఏడాది విశాఖలోనే ఒక బడిలో పిల్లల చేత తొలిసారి చదివించారు. 1965 జనవరి 26 నుంచి అది దేశంలోని బడులన్నిటికీ చేరింది. తాను రాసిన మాటలు జాతీయ ప్రతిజ్ఞ అయ్యాయన్న సంగతి రచయితకు చాలాకాలం తెలియనే తెలియదట. మనవరాలు పుస్తకం తెరిచి పైకి చదువుతుంటే విని తెలుసుకున్నారని ఆయన కుటుంబం చెప్పిన మాట. 1988లో ఆయన కన్నుమూశారు. ఆ పేరు పుస్తకాలకెక్కింది ఆ తర్వాత చాలా ఏళ్లకు.

‘ఈ కాలం పిల్లలకు కవులెవరో, రచయితలెవరో తెలియదు’ అనే మాట పెళ్లిపందిళ్లలోనూ రైలు ప్రయాణాల్లోనూ తరచుగా వినిపిస్తుంది. అందులో నిజం ఉంది. ఆ నిజంలో సగం మాత్రం పెద్దల తరానికీ చెందుతుంది. ఒక తరానికి ఒక రచయిత తెలిశాడంటే ఆ పేరును ఎవరో ఒకరు వాళ్ల చెవిన వేశారన్నమాట. బడిలో అయ్యవారు కావచ్చు, నాటకం ఆడే నటుడు కావచ్చు, రేడియోలో అనౌన్సరు కావచ్చు. ఆ గొంతు ఎక్కడ ఆగిపోతే పేరు అక్కడే ఆగిపోతుంది, రచన మాత్రం తన దారిన తాను ముందుకు పోతుంది.

తెలుగుతల్లికి మల్లెపూదండ వేసే పాటనే తీసుకోండి. అది రానివాళ్లు ఆంధ్రదేశంలో అరుదు. 1940లలో టంగుటూరి సూర్యకుమారి గొంతుతో గ్రామఫోను రికార్డై, ఊరూరా సభల్లో మొదటి పాటగా, తర్వాత రాష్ట్ర గీతంగా నిలిచింది. రాసిన శంకరంబాడి సుందరాచారి తిరుపతి ప్రాంతపు మనిషి, 1977లో పోయారు. పాట పాడటానికి లేచి నిలబడే సభలో కవి పేరు తెలిసినవాళ్లు చేతులెత్తమంటే, ఏ తరం చేతులు ఎక్కువ లేస్తాయో చెప్పడం కష్టమే.

ఇక్కడ రేడియో మాట చెప్పుకోవాలి. మద్రాసు ఆకాశవాణి 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న గొంతు విప్పింది. హైదరాబాదులో నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. అప్పటి నుంచి మూడు నాలుగు దశాబ్దాల పాటు తెలుగిళ్లలో ఒక అలవాటు స్థిరపడింది. పాటకు ముందు అనౌన్సరు గొంతు వినిపించేది. చిత్రం మల్లీశ్వరి. రచన దేవులపల్లి కృష్ణశాస్త్రి. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. పాడినవారు ఘంటసాల, భానుమతి. ఆ నాలుగు ముక్కలూ అయ్యాకే పాట.

వంటింట్లో కూర తరుగుతున్న ఇల్లాలికీ, మగ్గం మీద కూర్చున్న నేతగాడికీ, బడ్డీకొట్టు నడిపే ఆసామికీ ఆ నాలుగు ముక్కలు వేలసార్లు వినపడ్డాయి. ఆత్రేయ, ఆరుద్ర, కొసరాజు, పింగళి, దాశరథి, నారాయణరెడ్డి. వీళ్లలో ఎవరి పుస్తకమూ చేతపట్టని మనుషులు కూడా పల్లవి వినగానే ‘ఇది కొసరాజుదే, ఆ పలుకుబడి చూడు’ అని తేల్చేవాళ్లు. అది చదువు వల్ల వచ్చింది కాదు, పేరును పదేపదే వినడం వల్ల వచ్చింది. ఆ చెవులకు అంత పదును రేడియో పెట్టింది.

పైగా రేడియో పేర్లు చెప్పి ఊరుకోలేదు, ఆ పేర్ల మనుషులనే కొలువులో పెట్టుకుంది. కృష్ణశాస్త్రి హైదరాబాదు కేంద్రంలో పనిచేశారు. గుర్రం జాషువా 1957 నుంచి రెండేళ్లు మద్రాసు కేంద్రంలో కార్యక్రమ ప్రయోక్త. ‘చివరకు మిగిలేది’ రాసిన బుచ్చిబాబు జీవితంలో పెద్ద భాగం ఆకాశవాణి ఉద్యోగంలోనే గడిచింది. బాలాంత్రపు రజనీకాంతరావు భక్తిరంజనితో తెల్లవారుజాముల్ని పదాలతో, కీర్తనలతో నింపారు. ఉషశ్రీ భారతం, రామాయణం చెబుతుంటే వీధి వీధంతా ఒకే కథ వినిపించేదని ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. తిక్కన పేరు, ఎర్రన పేరు అక్షరం రాని ఇళ్లలోకి కూడా ఆ దారినే వెళ్లాయి.

ఇప్పుడు పాట ఫోనులో ఉంది. తెర మీద సినిమా బొమ్మ, గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు కనబడతాయి. రాసినవారి పేరు కోసం చాలాసార్లు వేలితో కిందికి కిందికి జరుపుకుంటూ వెళ్లాలి. సిరివెన్నెల సీతారామశాస్త్రి పాటను గుండెకు హత్తుకుని తిరిగే కుర్రవాడు, అది ఆయనదని తెలియక మరెవరి పేరో చెప్పడం జరుగుతూనే ఉంది. అతనికి పాట మీద ప్రేమ లేదనడం అన్యాయం. పేరు చెప్పే గొంతు అతని దాకా రాలేదు, అంతే.

పేరు అసలు లేకుండానే ఒక తరాన్ని పెంచిన రచయితా ఉన్నాడు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ను 1952 నుంచి 1980లో తాను పోయేదాకా తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు. కథ ఎవరు పంపినా ఆయన కలం కింద నుంచి వచ్చేసరికి అది చందమామ తెలుగు అయ్యేది. పొట్టి వాక్యాలతో సాగే, ఒక్క మాట ఎక్కువ లేని తేట నడక. తోకచుక్క, మకరదేవత వంటి జానపద ధారావాహికలు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. పత్రికలో వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు. యాభై, అరవై ఏళ్ల కింద చందమామ కోసం పోస్టుమ్యాన్ దారి కాసిన పిల్లలు ఇవాళ తాతలు, అమ్మమ్మలు. వాళ్ల తెలుగుకు పునాది వేసింది కుటుంబరావు. ఆ సంగతి వాళ్లలో చాలామందికి పెద్దయ్యాక, ఏ పత్రికలోనో వ్యాసం చదివితే తెలిసింది.

పాతతరం మరి కవుల పేర్లు గడగడా ఎలా చెప్పగలుగుతుంది? దానికి కారణం తెలుగు వాచకం. పద్యాల పక్కన నక్షత్రం గుర్తు ఉండేది. ఆ గుర్తు ఉన్న పద్యం కంఠస్థం రావలసిందే. పరీక్షలో పాదభంగం లేకుండా రాయమనేవారు. ఆ పక్కనే కవి పరిచయం: పేరు, కాలం, ఊరు, బిరుదులు, రచనలు. అరవై ఏళ్ల మనిషిని ఇప్పుడు లేపి అడిగినా పోతన ఊరు బమ్మెర అని, విశ్వనాథ సత్యనారాయణకు కవిసమ్రాట్ బిరుదని చెప్పేస్తాడు. అది చిన్న ఆస్తి కాదు. కష్టకాలంలో నోటికి వచ్చే పోతన పద్యం ఎందరికో ఆసరా అయింది. అయితే విశ్వనాథకు 1970 జ్ఞానపీఠం వచ్చిందని తెలిసిన వందమందిలో ‘రామాయణ కల్పవృక్షం’ తెరిచినవాళ్లెందరు, ‘వేయిపడగలు’ చివరిదాకా చదివినవాళ్లెందరు అని అడిగితే ఆ తరం కూడా కాసేపు ఆలోచించాలి. పేరు తెలియడం ఒకటి, రచన తెలియడం ఇంకొకటి. పెద్దలకు తరచుగా మొదటిది దక్కింది, పిల్లలకు కొన్నిసార్లు రెండోది దక్కుతోంది.

జాషువా పద్యాల కథ ఈ రెండింటి మధ్యా నలిగింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’ నాటకంలో కాటిసీను వచ్చేసరికి నటులు జాషువా శ్మశానవాటి పద్యాలు అందుకునేవారు. పెట్రోమాక్సు లైట్ల వెలుగులో, తెల్లవారుజామున మూడు గంటలకు, జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి మళ్లీ మళ్లీ పాడించుకున్న పద్యాలవి. తర్వాత సినిమాల్లోకీ రికార్డుల్లోకీ ఎక్కాయి. విన్నవాళ్లలో చాలామంది అవి నాటకంలోవే అనుకున్నారు. వినుకొండ మనిషి, అంటరానివాడన్న పేరుతో పండిత సభల్లో అవమానం దిగమింగిన కవి, ఆ పద్యాల వెనక ఉన్నాడని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ ‘గబ్బిలం’ కవిగా, దళిత కవిత్వానికి పెద్దదిక్కుగా జాషువా ఎవరో కాలేజీ పిల్లలకు తెలుసు, ఆయన మీద పరిశోధనలు జరుగుతున్నాయి. కాటిసీను పద్యం వాళ్లలో కొద్దిమందికే నోటికి వస్తుంది. తాతకు పద్యం దక్కింది, మనవడికి కవి దక్కాడు. ఇద్దరూ ఒక చోట కూర్చుంటేనే జాషువా పూర్తిగా దొరుకుతాడు.

అమ్మల తరానికి మరో దారి ఉండేది, వారపత్రిక. బుధవారమో గురువారమో పత్రిక వచ్చిన పూట ఇంట్లో దానికోసం చిన్నపాటి పోటీ. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదవని ఆడపిల్ల ఆ రోజుల్లో తక్కువ. ప్రతి పేటలోనూ అద్దె లైబ్రరీలు ఉండేవి. రోజుకింత అని నవల తెచ్చుకుని, ఇంట్లో నలుగురూ వంతులేసుకుని చదివి, మర్నాడు అప్పగించేవాళ్లు. పండితులు ఆ నవలల్ని తేలిగ్గా చూశారు. అది సరైన తీర్పు కాదు. తెలుగు చదవడం ఒక అలవాటుగా, ఆకలిగా మారింది ఆ రోజుల్లోనే. అందుకు మాదిరెడ్డి సులోచనకూ, యండమూరికీ, మల్లాదికీ ఆ తరం రుణపడింది. 2016లో ‘అ ఆ’ సినిమా వచ్చినప్పుడు, కథ యద్దనపూడి నవల ‘మీనా’కు దగ్గరగా ఉందన్న చర్చ నడిచింది. ఆ నవలను గుర్తుపట్టింది హాల్లో వెనక వరుసల్లో కూర్చున్న అమ్మలూ పిన్నులూ. పక్కన కూర్చున్న కూతురికి ఆ రాత్రే ఆ రచయిత్రి పేరు మొదటిసారి తెలిసిన ఇళ్లు లేకపోలేదు.

శ్రీశ్రీ మాత్రం ప్రతి తరానికీ వేరే వేషంలో దొరికాడు. 1930లలో రాసిన కవితలు 1950లో ‘మహాప్రస్థానం’గా పుస్తకమయ్యాయి. చలం పదేళ్ల ముందే దానికి యోగ్యతాపత్రం రాసిపెట్టారు. 1970లో విశాఖలో ఆయన షష్టిపూర్తి చూసిన యువకులకు శ్రీశ్రీ అంటే విప్లవం. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ చూసినవాళ్లకు జాతీయ అవార్డు తెచ్చిన పాట. 1981లో ‘ఆకలిరాజ్యం’ వచ్చింది. డిగ్రీ పట్టాతో ఢిల్లీ వీధుల్లో ఉద్యోగం కోసం తిరిగే కమల్‌హాసన్ నోట శ్రీశ్రీ కవితలు వినబడ్డాయి. అదే సినిమా తమిళ రూపంలో ఆ చోట సుబ్రహ్మణ్య భారతి ఉన్నాడు. తెలుగుకు వచ్చేసరికి దర్శకుడు బాలచందర్‌కు శ్రీశ్రీ తప్ప మరొకరు తోచి ఉండరు. ఉద్యోగాల్లేని ఆ తరం కుర్రాళ్లు హాలు నుంచి బయటికి వచ్చి పుస్తకాల షాపుకి వెళ్లారు. 2003లో సుద్దాల అశోక్‌తేజ శ్రీశ్రీ ‘జయభేరి’ తొలి మాటల్ని ఎత్తుకుని ‘ఠాగూర్’కు పాట రాశారు. ఆ పాటకూ జాతీయ అవార్డు వచ్చింది. అప్పటి పిల్లలకు ఆ మాటలు మొదట చిరంజీవివి, చాలా కాలానికి గాని శ్రీశ్రీవి కాలేదు. ఇందులో బాధపడాల్సింది లేదు. దారి ఏదైనా చివరికి కవి దగ్గరికే చేరారు.

తరం మారేకొద్దీ పేర్లు తరిగిపోతాయనే నమ్మకాన్ని తలకిందులు చేసినవాడు అన్నమయ్య. 1503లో పోయిన మనిషి. ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి, దొరికినవి 12,000 పైచిలుకు. అవి రాగిరేకుల మీద తిరుమల గుడిలో, తాళ్లపాక వారి అరలో, కొన్ని శతాబ్దాలు ఉండిపోయాయి. త్యాగయ్య కీర్తనలు ఇంటింటా పాడుకునే కాలంలో అన్నమయ్య పేరు కొద్దిమందికి మాత్రమే తెలుసు. ఇరవయ్యో శతాబ్దిలో రేకులు బయటికి తీసి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఏళ్ల తరబడి కూర్చుని వాటిని చదివి, సరిచూసి, అచ్చు వేయించారు. రాళ్లపల్లి స్వరాలు కట్టారు. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పాడారు, బాలకృష్ణప్రసాద్ పాడారు. 1997లో రాఘవేంద్రరావు సినిమా తీశారు. 2009 మే నెలలో సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో లక్షకు పైగా గొంతులు ఒక్కసారే అన్నమయ్యను పాడాయి. ముత్తాతకు తెలియని కవి మునిమనవరాలికి సంగీతం క్లాసులో తొలి పాఠం అయ్యాడు. ముగ్గురు నలుగురు పండితుల కళ్లు ఆ రేకుల మీద పాడవకపోతే ఇది జరిగేది కాదు.

వేమనదీ కొంత అలాంటిదే. జనం నోట పద్యం ఉంది, పండితుల పట్టికలో కవి లేడు. బ్రౌన్ దొర తాళపత్రాలు సేకరించి, 1829లో ఆ పద్యాలను అచ్చు వేయించాక వేమనకు పుస్తకంలో చోటు దొరికింది.

పాఠ్యపుస్తకం ఎవరి పేరు చెప్పింది, ఎవరి పేరు చెప్పలేదు అన్నది తెలంగాణలో గాయంగా మిగిలిన ప్రశ్న. అక్కడ కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి, 354 మంది కవులను వరుసగా నిలబెట్టారు. అయినా ఉమ్మడి రాష్ట్రంలో చదువుకున్న ఓరుగల్లు పిల్లవాడు గోదావరి కవుల కాలాదులు కంఠస్థం చేశాడు గాని తన పక్క వీధిలో నడిచి వెళ్లే కాళోజీని పరీక్షలో పెద్దగా రాయలేదు. 2014 తర్వాత పుస్తకాలు మారాయి. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. 2024 నుంచి అందెశ్రీ పాట రాష్ట్రగీతం. సిద్దిపేట చిన్నారికి ఇవాళ దాశరథి, సురవరం సొంత మనుషులు. వాళ్ల నాన్నకు ఆ పేర్లు బడి బయట, ఉద్యమంలో తెలిశాయి.

జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ సంగతి మరీ ప్రత్యేకం. 1954 జనవరి 12న పుట్టి, 1993లో అదే తేదీన, ముప్పై తొమ్మిదేళ్లకే వెళ్లిపోయారు. బొమ్మలు గీశారు, ఫొటోలు తీశారు, నాలుగైదు పంక్తుల్లో నిప్పులాంటి కవితలు రాశారు. బతికుండగా పేదరికం, క్షయ వెంటాడాయి. పాతతరం పాఠకుల్లో చాలామంది ఆయన పేరు వినలేదు. ఇవాళ ఆ చిన్న కవితలు ఫోన్ తెరకు సరిగ్గా సరిపోయాయి. యువకులు వాటిని తమ ఫొటోల పక్కన పెట్టుకుంటున్నారు, కింద ఆయన పేరు కూడా రాస్తున్నారు. తాతకు మనవడు కవిని పరిచయం చేసే అరుదైన సందర్భం ఇది.

నిజంగా బెంగపడాల్సిన చోటు ఒకటుంది. ఇంటర్మీడియెట్లో రెండో భాషగా తెలుగు వదిలి, మార్కులు సులువుగా వస్తాయని సంస్కృతం తీసుకునే పిల్లలు రెండు రాష్ట్రాల్లోనూ లెక్కలేనంతమంది. సంస్కృతం మీద ప్రేమతో కాదు, మొత్తం మార్కుల కోసం. పదహారేళ్ల వయసు కవిత్వం గుండెను పట్టుకునే వయసు. గురజాడ ‘కన్యాశుల్కం’లోని నవ్వు వెనక కన్నీరు తెలిసొచ్చే వయసు. సరిగ్గా అప్పుడే తెలుగు తలుపు మూసుకుంటోంది. 2018లో తెలంగాణ చేసిన చట్టం బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది, అది మంచి అడుగు. కాలేజీ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ అడుగు ఆగుతోంది. అమెరికాలో పుట్టిన పిల్లలు వారాంతాల్లో ‘మనబడి’ తెలుగు తరగతులకు వెళ్లి వేమన పద్యం నేర్చుకుంటుంటే, ఇక్కడి కాలేజీ హాస్టల్లో ఉన్న పిల్లకు తెలుగు పుస్తకం రెండేళ్లు కంటబడదు.

2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద కీరవాణి పక్కన చంద్రబోస్ నిలబడ్డారు. పాట రాసినవాడికీ అక్కడ బహుమతిలో సమాన భాగం. ఆ ఒక్క రాత్రితో రాసినవారి పేరు బడిపిల్లలందరికీ తెలిసింది. ఆయన తర్వాత సొంతూరు చల్లగరిగలో గ్రంథాలయం కట్టించారు.

మరుసటి ఏడాది, 2024లో, సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెలుగులో ఒక బంజారా యువకుడికి వచ్చింది. 1997లో నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టినవాడు. అతని కథల పుస్తకం పేరుకు అర్థం తండాలో అందరికీ తెలుసు. అది ఆడవాళ్లు గుండె బరువెక్కినప్పుడు పాడే దుఃఖపు పాట. తల్లి గొంతు నుంచి కూతురి గొంతుకు దిగుతూ వచ్చిన పాట, దానికి ఎన్నడూ రచయిత పేరు లేదు. ఇప్పుడు ఆ పాట పేరు ఒక పుస్తకం అట్ట మీద ఉంది, కింద ఒక మనిషి పేరు ఉంది. ఈసారి ఆ పేరు నేర్చుకోవాల్సింది పెద్దవాళ్లు.

కథల సంపుటి: ఢావ్లో. రచన: రమేశ్ కార్తీక్ నాయక్.